రేపు మళ్లీ కొలిస్తే ఇదే అంకె వస్తుందా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొలతల గురించే. థీసిస్‌లు అప్పగించే రోజులు దగ్గర పడ్డాయి కాబట్టి డెంటల్ పీజీలు రాయడం మామూలే. ఈసారి ఒక స్కూలు టీచరు, ఒక రిటైర్డ్ ఉద్యోగి కూడా అడిగారు. చాలా సంతోషం. నేను తిరుపతిలో వైద్య విద్యార్థులకు బయోస్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. బైరాగిపట్టెడలో మా ఇంటి వరండాలో మాస్టర్ చార్టులు (కొలతలన్నీ రాసిన పెద్ద పట్టికలు) పరుచుకుని కూర్చునే పిల్లలు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. ఏ టెస్టు వెయ్యాలి మేడమ్ అని వాళ్లు అడిగేలోపే నేను అడిగేది ఒకటుంది. ఇదే మనిషిని, ఇదే పన్నును రేపు మళ్లీ కొలిస్తే ఇదే అంకె వస్తుందా, రాకపోతే ఎంత తేడా వస్తుంది అని. అది తెలియకుండా ఎంత పెద్ద మోడల్ వేసినా నాకు నమ్మకం కుదరదు. కింది జవాబులన్నిట్లో ఆ పట్టుదల కనిపిస్తే అర్థం చేసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను చిగుళ్ల విభాగంలో పీజీ రెండో సంవత్సరం. నేను, నా జూనియర్ కలిసి పాకెట్ లోతులు (పన్నుకూ చిగురుకూ మధ్య పడే సందుల లోతులు) కొలిచాం. మా ఇద్దరి కొలతల మధ్య కోరిలేషన్ 0.97 వచ్చింది. ఇది చాలదు, కప్పా (ఇద్దరి తీర్పులు ఎంత కలిశాయో చెప్పే అంకె) ఎక్కడ అని వైవాలో అడుగుతారని సీనియర్లు అంటున్నారు. పేషెంట్లను మళ్లీ పిలిచి చూసే మూడు నెలల రీకాల్ విజిట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయొద్దన్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, రీకాల్ విజిట్లు మిగిలి ఉన్నాయంటే నీ చేతిలో ఇంకా అవకాశం ఉంది. టెన్షన్ పక్కన పెట్టు. నీ సీనియర్లు మంచి మాటే చెప్పారు. 0.97 అనేది తప్పుడు అంకె కాదు గానీ, నిన్ను అడగబోయే ప్రశ్నకు అది జవాబు కాదు.

ఐదు చోట్లు తీసుకుందాం. నీ ప్రోబ్ (పాకెట్ లోతు కొలిచే గీతల పుల్ల) 3, 4, 5, 6, 7 మిల్లీమీటర్లు చూపింది. అవే చోట్ల నీ జూనియర్ 4, 5, 6, 7, 8 అని రాసింది. కోరిలేషన్ వేసి చూడు, సరిగ్గా 1 వస్తుంది. అంతకు మించి రావడానికి వీల్లేదు. అయినా మీరిద్దరూ ఒక్క చోట కూడా ఒకే మాట చెప్పలేదు. 3 దాకా ఆరోగ్యం, 4 నుంచి పాకెట్ అని మీ సినాప్సిస్‌లో (థీసిస్ ప్రణాళికలో) రాసుకుని ఉంటే, మొదటి చోటు నీ కాగితంలో బాగున్న చిగురు, ఆమె కాగితంలో రోగం. ఒకరి అంకె పెరిగినప్పుడు రెండోవారిదీ పెరుగుతోందా అన్నంత వరకే కోరిలేషన్ చెబుతుంది. ఇద్దరి అంకెలు ఒకటేనా అన్నది వేరే లెక్క.

ఆ లెక్కను మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ పత్రికలో డాక్టర్లకు అర్థమయ్యేలా రాశారు. కష్టమేమీ లేదు. ప్రతి చోటా ఆమె కొలతలోంచి నీ కొలత తీసేసి తేడా రాయి. ఆ తేడాల సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) కట్టు. డీవియేషన్‌ను 1.96తో హెచ్చవేసి, సగటుకు ఒకసారి కలుపు, ఒకసారి తీసెయ్యి. సుమారు 95 శాతం తేడాలు ఆ రెండు హద్దుల మధ్య పడతాయి. ఉదాహరణకు సగటు తేడా 0.3, డీవియేషన్ 0.8 అనుకో. కింది హద్దు మైనస్ 1.27, పై హద్దు 1.87. అంటే ఏదో ఒక చోట ఆమె నీకంటే 1.27 మిల్లీమీటర్లు తక్కువ చెప్పినా చెప్పొచ్చు, 1.87 ఎక్కువ చెప్పినా చెప్పొచ్చు. చికిత్సతో 1 మిల్లీమీటరు మేలు జరిగిందని చూపించబోయే థీసిస్‌కు ఈ హద్దులు సరిపోతాయా? ఏ సాఫ్ట్‌వేరూ ఈ మాట చెప్పదు. చిగుళ్ల డాక్టరుగా నువ్వే చెప్పాలి. చికిత్సకు ముందు ఒకరు, తర్వాత ఇంకొకరు కొలిచి ఉంటే మాత్రం నా దృష్టిలో సరిపోవు.

ఇక కప్పా. పాకెట్ ఉంది, లేదు అని రెండే జవాబులున్నప్పుడు ఇది పనికొస్తుంది. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కొలమానం. 100 చోట్లలో 10 చోట్ల ఇద్దరూ ఉంది అన్నారు, 80 చోట్ల ఇద్దరూ లేదు అన్నారు, ఐదు చోట్ల నువ్వొక్కదానివే ఉంది అన్నావు, ఇంకో ఐదు చోట్ల ఆమె ఒక్కతే అంది. 90 శాతం కలిశాయని సంబరపడొచ్చు. కానీ నోళ్లు చాలా వరకు బాగున్నప్పుడు, కళ్లు మూసుకుని లేదు లేదు అని రాసినా సగానికి పైగా కలుస్తాయి. ఈ లెక్కలో గుడ్డిగా కలిసే వాటా 74.5 శాతం. మిగిలిన 25.5లో మీరు నిజంగా సంపాదించింది, 90లోంచి 74.5 పోగా, 15.5. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే కప్పా 0.61. 1977లో ల్యాండిస్, కాక్ వేసిన మెట్ల ప్రకారం 0.61 నుంచి 0.80 దాకా గట్టి ఏకీభావం. నువ్వు ఆ మెట్టు అంచు మీద నిలబడ్డావన్నమాట. మిల్లీమీటర్లనే నేరుగా పోల్చాలంటే వెయిటెడ్ కప్పా వాడు. ఒక మిల్లీమీటరు తేడాను, నాలుగు మిల్లీమీటర్ల తేడాను అది ఒకే గాటన కట్టదు.

లెక్కల సంగతి అలా ఉంచి, నీ చేతిలో ఉన్న ప్రోబ్‌ను ఒకసారి వెలుతురులో పెట్టి చూడు. విలియమ్స్ ప్రోబ్ అయితే 1, 2, 3, 5, 7, 8, 9, 10 దగ్గర గీతలు ఉంటాయి. 4 దగ్గర, 6 దగ్గర ఉండవు. చదవడానికి తేలికగా ఉంటుందని అలా చేశారు. కానీ ఆరోగ్యాన్నీ రోగాన్నీ విడదీసే నీ హద్దు పడేది సరిగ్గా ఆ 4 దగ్గరే కదా! చిగురు అంచు 3కీ 5కీ మధ్య ఎక్కడో ఆగినప్పుడు ఒకరు 3 అంటారు, ఒకరు 4 అంటారు. మీ ఎక్సెల్ షీటులో 3లు ఎన్ని, 4లు ఎన్ని, 5లు ఎన్ని అని నీవి వేరుగా, ఆమెవి వేరుగా లెక్కపెట్టు. ఒకరికి 4లు మరీ తక్కువగా ఉంటే కారణం అక్కడే దొరుకుతుంది. యూఎన్‌సీ-15 ప్రోబ్‌కు 15 దాకా ప్రతి మిల్లీమీటరుకూ గీత ఉంటుంది. ఈ పనికి అదే మేలు. అయితే అధ్యయనం మధ్యలో మాత్రం ప్రోబ్ మార్చకు. మారిస్తే ముందటి అంకెలూ తర్వాతి అంకెలూ పోల్చడానికి పనికిరావు.

రెండోది, ఒత్తిడి. పాకెట్ కొలిచేటప్పుడు 20 నుంచి 25 గ్రాముల బరువంత ఒత్తిడి చాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ 25 గ్రాములు చేతికి ఎలా తెలుస్తాయి? ల్యాబులో ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటుంది. ప్రోబ్ మొనను దాని పళ్లెం మీద ఆనించి, పేషెంటు నోట్లో ఎలా నొక్కుతావో అలాగే నొక్కి అంకె చూడు. తర్వాత నీ జూనియర్‌ను నొక్కమను. చాలామంది చేతులు 25 దాటి చాలా దూరం వెళ్లిపోవడం చూశాను. త్రాసు చూస్తూ కొంతసేపు, చూడకుండా కొంతసేపు అలవాటు చేస్తే చెయ్యి దారికొస్తుంది. ఖర్చు లేని పని. ఓపీ మొదలయ్యే ముందు చెయ్యొచ్చు.

ఇంకో మాట చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. వాచిన చిగురులో ప్రోబ్ అవసరమైన దానికంటే లోపలికి దిగిపోతుంది. క్లీనింగ్ అయ్యాక చిగురు బిగుస్తుంది, అదే ఒత్తిడికి ప్రోబ్ పైనే ఆగుతుంది. కాబట్టి నువ్వు చూసే 1 మిల్లీమీటరు మేలులో కొంత మాత్రమే చిగురు పంటికి నిజంగా అతుక్కోవడం, మిగతాది వాపు తగ్గి చిగురు కుంచించుకోవడం, కణజాలం గట్టిపడడం. పైగా బాగా లోతైన పాకెట్లనే ఏరి తీసుకుంటే, ఆ రోజు పొరపాటున లోతుగా చదివినవి కూడా వాటిలో చేరతాయి. రెండోసారి కొలిచినప్పుడు అవి వాటంతట అవే కొంత తగ్గుతాయి. ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు పోల్చి 1886లో చూపించింది ఇదే. దీనికి మందు కంట్రోల్ గ్రూపు, అంటే ఆ చికిత్స ఇవ్వకుండా పోల్చడానికి పెట్టుకునే గుంపు. అది నీ దగ్గర ఉంటే భయం లేదు.

రీకాల్‌కు వచ్చేవాళ్లలో పది మందిని ఎంచుకోండి. ఇద్దరూ విడివిడిగా కొలవండి, ఒకరి కాగితం ఒకరు చూడొద్దు. రక్తం కారడం స్కోరు మాత్రం మొదట కొలిచిన వాళ్లదే రాయండి, ఎందుకంటే మొదటి ప్రోబింగే రక్తం రప్పిస్తుంది. ఆ పది మందిలో కొందరిని గంటాగి నువ్వే మళ్లీ కొలువు. ఈ హద్దుల్ని, కప్పాను పద్ధతుల అధ్యాయంలో ముందే రాసెయ్యి. వైవాలో అడిగేదాకా ఆగకు.

ప్రశ్న: చిత్తూరులో డెంటల్ క్లినిక్ నడుపుతున్నాను. 20 మంది పేషెంట్లలో ఒక్కొక్కరికి 28 పళ్లు, పన్నుకు ఆరు చోట్ల చొప్పున 3,360 కొలతలు తీశాను. సగం మందికి కొత్త మౌత్‌వాష్ ఇచ్చాను. పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.001 కంటే తక్కువ వచ్చింది. అయినా పత్రిక వాళ్లు శాంపిల్ చాలదని తిప్పి పంపారు. 3,360 చాలకపోతే ఇంకెంత కావాలి?
– ఒక దంత వైద్యులు, చిత్తూరు

జవాబు: డాక్టరు గారూ, ప్రాక్టీసు చేసుకుంటూ ఇంత ఓపికగా కొలిచినందుకు ముందు నమస్కారం. అయితే పత్రిక వాళ్ల మాటే సరైనది. మీ శాంపిల్ 3,360 కాదు. 20కి దగ్గర.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. ఒకే కుండలో 168 మెతుకులు పట్టి చూసినా ఆ ఒక్క కుండ సంగతే తెలుస్తుంది. మీ ఒక్కో పేషెంటు నోట్లో 168 చోట్లున్నాయి. ఆ నోటికి ఒకే లాలాజలం, ఒకే బ్రష్షు, ఒకే అలవాటు, షుగరుంటే ఒకే షుగరు. ఒక చోట పాకెట్ ఉన్న నోట్లో పక్కచోట కూడా ఉండే అవకాశం ఎక్కువ. రెండు గుంపుల సగటుల్ని పోల్చే మామూలు టీ టెస్టు ఈ చోట్లన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని నమ్ముతుంది. అందుకే అంత చిన్న పీ వాల్యూ వచ్చింది.

నష్టం ఎంతో అంకెల్లోనే చూడొచ్చు. ఒకే నోట్లోని చోట్లు ఎంతగా ఒకేలా ఉంటాయో చెప్పే అంకెను ఇంట్రాక్లాస్ కోరిలేషన్ అంటారు. అది 0.1 మాత్రమే అనుకుందాం. 168లోంచి ఒకటి తీసేసి 0.1తో హెచ్చవేసి ఒకటి కలిపితే 17.7. మీ 3,360ని దీంతో భాగిస్తే మిగిలేది 190. అదే అంకె 0.3 అయితే భాగహారం 51.1తో, మిగిలేది 66. చోట్లు ఎంత ఒకేలా ఉంటే అంత త్వరగా మీ శాంపిల్ 20 వైపు జారిపోతుంది. ఒక్కో నోట్లో ఇంకా ఎక్కువ చోట్లు కొలిచినా పెద్దగా లాభం లేనిది ఇందుకే. పేషెంట్లు పెరగాలి.

మీ డేటా వృథా పోలేదు. దాన్ని చదివే తీరు మార్చాలి. తేలికైన దారి ఏమిటంటే, ఒక్కో పేషెంటుకు ఒక సగటు కట్టి, పది మందిని పది మందితో పోల్చడం. అంకె తక్కువైనా అది నిజాయితీ గల లెక్క, పత్రిక తరఫున పరిశీలించే రెఫరీ వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. పన్ను ముందుదా వెనకదా, పేషెంటు సిగరెట్టు తాగుతారా లాంటివి కూడా చూడాలంటే మల్టీలెవెల్ మోడల్ కావాలి. చోటు పన్నులో, పన్ను నోట్లో ఉన్నట్టు అది మెట్లు మెట్లుగా లెక్క వేస్తుంది. ఇలా గుంపులుగా వచ్చే కొలతల కోసం లియాంగ్, జెగర్ 1986లో ఇచ్చిన జీఈఈ పద్ధతి కూడా ఉంది గానీ, అది పేషెంట్ల సంఖ్య పెద్దదిగా ఉంటేనే బాగా నడుస్తుంది. మీ 20 మందికి దాన్ని నేను సిఫారసు చెయ్యను. ఒకే నోట్లో కుడివైపు ఒక చికిత్స, ఎడమవైపు ఇంకొకటి చేసి పోల్చే పద్ధతిలో లెక్క వేరేగా ఉంటుంది, అక్కడ ఈ ఒకేలా ఉండడం మనకు కలిసొస్తుంది. మౌత్‌వాష్ నోరంతా తిరుగుతుంది కాబట్టి మీకు ఆ దారి లేదు.

ప్రశ్న: మా స్కూల్లో దంత పరీక్షల క్యాంపు పెట్టారు. మా క్లాసు 30 మంది రిపోర్టులో "సగటు డీఎంఎఫ్‌టీ 1.27" అని ఉంది. ఇది తక్కువేనని, కంగారు అక్కర్లేదని చెప్పారు. కానీ నా క్లాసులో ముగ్గురు పిల్లలు పంటి నొప్పితో తరచూ బడి మానేస్తున్నారు. ఈ సగటుకు అర్థమేమిటి?
– ఒక ఉపాధ్యాయిని, పలమనేరు

జవాబు: టీచరమ్మా, మీరు సరైన చోట చెయ్యి పెట్టారు. ఆ ముగ్గురు సగటులో మునిగిపోయారు.

డీఎంఎఫ్‌టీ అంటే పుచ్చినవి, పుచ్చడం వల్ల ఊడిపోయినవి, ఫిల్లింగ్ చేసినవి, ఈ మూడూ కలిపిన శాశ్వత దంతాల లెక్క. 1938లో అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ బడిపిల్లల కోసమే దీన్ని వాడుకలోకి తెచ్చారు. పళ్లు లెక్కపెట్టడం వచ్చిన డాక్టరు ఎవరైనా చెయ్యగలరు కాబట్టి ఇప్పటికీ నిలిచింది.

మీ రిపోర్టుతో పాటు ఇచ్చిన పిల్లల పట్టిక కూడా పంపారు, మంచి పని చేశారు. అందులో 20 మందికి సున్నా. నలుగురికి రెండేసి పళ్లు, ముగ్గురికి నాలుగేసి, ఇంకో ముగ్గురికి ఆరేసి. మొత్తం 38. దాన్ని 30తో భాగిస్తే 1.27. అంటే 1.27 పళ్లు పుచ్చిన పిల్లవాడు మీ క్లాసులో ఒక్కడూ లేడు. మూడింట రెండు వంతుల మంది నోరు శుభ్రంగా ఉంది, మిగతా పది మంది దగ్గరే మొత్తం బాధ ఉంది. పంటి పుచ్చు చాలా చోట్ల ఇలాగే కొద్దిమంది పిల్లల దగ్గర పోగవుతుంది. ఇది గమనించే స్వీడన్‌కు చెందిన బ్రథాల్ 2000లో ఒక సూచిక ప్రతిపాదించారు. ఎక్కువ స్కోరున్న మూడో వంతు మందిని విడిగా తీసి, వాళ్ల సగటు చెప్పాలి. మీ క్లాసులో ఆ పది మంది సగటు 3.8. ఇప్పుడు చెప్పండి, కంగారు పడాలా వద్దా!

ఇంత సున్నాల గుంపు ఉన్న డేటాకు పరిశోధకులు మామూలు రిగ్రెషన్ (ఒక అంకె వేరే కారణాల్ని బట్టి ఎలా మారుతుందో చూసే లెక్క) వెయ్యకూడదు. జీరో ఇన్‌ఫ్లేటెడ్ మోడళ్లు దీనికే ఉన్నాయి. అసలు పుచ్చే రాని పిల్లలెవరు, వచ్చే వీలున్న పిల్లల్లో ఎన్ని పళ్లకు వచ్చింది అని రెండు ప్రశ్నలుగా విడదీస్తాయి. డయేన్ లాంబర్ట్ 1992లో ఈ పద్ధతి రాసింది ఫ్యాక్టరీలో టంకం లోపాలు లెక్కపెట్టడానికి. అది పళ్ల లెక్కకు అంత బాగా అతకడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

మీకు పనికొచ్చే మాట ఇంకొకటి. ఆ పిల్లలకు ఫిల్లింగులు చేయిస్తే వచ్చే ఏడాది డీఎంఎఫ్‌టీ తగ్గుతుందని ఎదురుచూడొద్దు. పుచ్చిన పన్ను ఫిల్లింగ్ అయిన పన్నుగా మారుతుంది, మొత్తం అలాగే ఉంటుంది. ఈ అంకె ఎప్పటికీ వెనక్కి రాదు. కాబట్టి క్యాంపు వాళ్లను మూడు అంకెలూ విడివిడిగా అడగండి. పుచ్చినవి తగ్గి ఫిల్లింగులు పెరిగితే మీ పిల్లలకు వైద్యం అందినట్టు. ఆరేసి పళ్లున్న ఆ ముగ్గురే బడి మానేస్తున్న ముగ్గురా? పట్టిక చూసి వాళ్ల తల్లిదండ్రుల్ని ఈ వారమే పిలిపించండి. వచ్చే క్యాంపు దాకా ఆగే కేసులు కావవి.

ప్రశ్న: మేడమ్, నేను మెకానికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ చేస్తున్నాను. డెంటల్ ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) మీద ఫైనైట్ ఎలిమెంట్ ప్రాజెక్టు, అంటే వస్తువును చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్‌లో లెక్కగట్టేది. రెండు రకాల ఇంప్లాంట్ల చుట్టూ ఎముకలో స్ట్రెస్ (లోపల పుట్టే ఒత్తిడి) లెక్కగట్టాను. డెంటల్ గైడ్ గారు పీ వాల్యూ కావాలంటున్నారు. నోడ్ల (ఆ ముక్కలు కలిసే బిందువుల) విలువలు తీసుకుని అనోవా (గుంపుల సగటుల్ని పోల్చే పరీక్ష) వెయ్యొచ్చా?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: వెయ్యొద్దు నాయనా. గైడ్ గారికి నా మాటగా చెప్పు, ఆయన అడగడంలో తప్పు లేదు, పేషెంట్ల డేటాకు అలవాటు పడ్డారు అంతే.

పీ వాల్యూ ఉండేది మళ్లీ చేస్తే ఫలితం మారే చోట. నీ మోడల్‌ను వందసార్లు రన్ చేసినా అదే స్ట్రెస్ వస్తుంది. నోడ్లు అంటావా, మెష్ (ఆ ముక్కల వల) సన్నగా చేస్తే లక్ష నోడ్లు పది లక్షలవుతాయి, దాంతో ఎంత చిన్న తేడాకైనా పీ వాల్యూ సున్నాకు చేరుతుంది. పై జవాబులో చిత్తూరు డాక్టరు గారికి చెప్పిన చిక్కే ఇది, ఇంకా ముదిరిన రూపంలో.

నీ మోడల్‌లో సందేహం ఉండేది నువ్వు లోపలికి ఇచ్చిన అంకెల్లో. ఎముక పై పొర గట్టిదనానికి 13.7 గిగాపాస్కల్స్, లోపలి మెత్తటి ఎముకకు 1.37, టైటానియానికి 110 ఇచ్చి ఉంటావు. ఎక్కువ పేపర్లలో అవే ఉంటాయి, ఒకరి నుంచి ఒకరు తీసుకుంటారు. నిజమైన దవడ ఎముక ఒక దిక్కున ఒకలా, ఇంకో దిక్కున ఇంకోలా గట్టిగా ఉంటుంది. అరవై దాటిన ఆమెకూ పాతికేళ్ల కుర్రాడికీ ఒకటే ఉండదు. కాబట్టి పీ వాల్యూ బదులు ఈ పని చెయ్యి. పై పొర గట్టిదనాన్ని 10 నుంచి 20 దాకా మార్చు, మందాన్ని 1 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా మార్చు, నమిలే బలాన్ని నిలువుగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి ఇవ్వు. ప్రతిసారీ రెండు ఇంప్లాంట్లలో ఏది మేలుగా నిలిచిందో పట్టిక వెయ్యి. అన్ని చోట్లా ఒకటే గెలిస్తే నీ ఫలితానికి బలం ఉన్నట్టు. కొన్ని చోట్ల తారుమారైతే అదే నీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైన పేజీ.

మెష్ సరిపోయిందా అన్నది వేరే పరీక్ష. ఎలిమెంట్ సైజు సగం చేసి మళ్లీ రన్ చెయ్యి. స్ట్రెస్ కొద్ది శాతానికి మించి మారకపోతే చాలు. ఒక హెచ్చరిక. ఇంప్లాంట్ మీది మరచుట్ల మొనల లాంటి పదునైన మూలల్లో మెష్ ఎంత సన్నబడితే స్ట్రెస్ అంత పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. అక్కడి గరిష్ఠ విలువను తీసుకొచ్చి ఇదీ తేడా అని చూపించకు. మూలకు కాస్త దూరంగా, రెండు మోడళ్లలోనూ ఒకే చోట చదువు.

స్కాన్ సంగతి కూడా అడుగుతాను. సీబీసీటీ (దవడల త్రీడీ ఎక్స్‌రే స్కాన్) ఏ వాక్సెల్‌తో, అంటే ఎంత సైజు చుక్కలతో తీశారు? 0.3 మిల్లీమీటర్లయితే, 1 మిల్లీమీటరు మందమున్న ఎముక పొరకు అడ్డంగా మూడు చుక్కలే పడతాయి. ఒక చుక్క అటూ ఇటూ అయితే మందంలో మూడో వంతు తేడా. పక్కన సహజ దంతాన్ని కూడా మోడల్ చేసి ఉంటే, దాని వేరు చుట్టూ ఉండే లిగమెంటు మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. అది ఆ స్కాన్‌లో కనిపించదు. వేరు ఉపరితలాన్ని బయటికి జరిపి నువ్వే సృష్టించి ఉంటావు. తప్పు లేదు, అందరూ చేసేదే. కానీ ఆ మాట రాయాలి.

వీలైతే ఒక్క పరిస్థితినైనా ప్రయోగంతో సరిచూడు. దంత పరిశోధనలోకి ఈ పద్ధతి వచ్చిన తొలి రోజుల్లో, 1973లో, ఫరా, క్రెయిగ్ వాళ్ల బృందం ఫిల్లింగ్ చేసిన దవడ పన్నును కంప్యూటర్‌లోనే కాకుండా కాంతితో స్ట్రెస్ చూపించే ఫోటోఎలాస్టిక్ నమూనాతో కూడా పరీక్షించి రెండూ పోల్చింది. మీ కాలేజీ ల్యాబులో స్ట్రెయిన్ గేజ్ (వస్తువు ఎంత సాగిందో కొలిచే చిన్న పట్టీ) ఉండే ఉంటుంది. రెసిన్ దిమ్మెలో ఇంప్లాంట్ బిగించి, పక్కన గేజ్ అంటించి, తెలిసిన బరువు పెట్టు. ఆ దిమ్మెనే మోడల్ చేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు. నేను ఎగ్జామినర్‌నైతే రంగురంగుల బొమ్మల కంటే ముందు ఆ పేజీ తెరుస్తాను.

ప్రశ్న: నా వయసు 68. వేలూరులో చెకప్‌కు వెళ్తే బీపీ 150 దాటుతోంది. ఇంట్లో మిషన్‌లో 130 లోపే. ఏది నమ్మాలి?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, చిత్తూరు

జవాబు: సార్, రెండూ నిజమే అయ్యుండొచ్చు. బస్సు ప్రయాణం, క్యూ, తెల్లకోటు, వీటన్నిటికీ బీపీ పెరిగేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే డాక్టర్లు హద్దులు కూడా వేరుగా పెట్టుకున్నారు. ఆసుపత్రిలో 140/90 అయితే, ఇంట్లో కొలిచిన సగటుకు 135/85. మందు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు.

ముందు మీ మిషన్ పట్టీ చూడండి. లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతం చుట్టాలి. చేతికి చిన్నదైన పట్టీ బీపీని ఎక్కువ చూపిస్తుంది, మరీ పెద్దదైతే తక్కువ. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, కాళ్లు నేలకు ఆన్చి, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి కొలవండి. నిమిషం ఆగి ఇంకోతూరి కొలవండి. ఉదయం, సాయంత్రం ఇలా ఒక వారం. నచ్చిన అంకె మాత్రమే కాదు, వచ్చిన ప్రతి అంకే రాయండి. 127ను 130గా, 134ను 130గా సరిచెయ్యొద్దు.

ఈ చివరి మాట ఎందుకు అంటున్నానంటే, పాదరసం మిషన్ గీతలు రెండేసి ఉంటాయి కాబట్టి చివరి అంకె 0, 2, 4, 6, 8లో ఏదైనా రావాలి, ఒక్కోటి దాదాపు ఐదో వంతు సార్లు. ఎవరైనా బీపీ డేటా తెస్తే నేను ముందు ఆ చివరి అంకెలే లెక్కపెడతాను. సగానికి పైగా సున్నాలుంటే, కొలిచినవాళ్లు అంకెను గుండ్రంగా చేసినట్టే. 140 దగ్గర అలా చేస్తే ఒక మనిషికి అక్కర్లేని మాత్ర పడుతుంది, ఇంకొకరికి అవసరమైనది తప్పిపోతుంది. మీ వారం కాగితాన్ని, మిషన్‌ను కూడా చెకప్‌కు తీసుకెళ్లండి. డాక్టరు గారు కొలిచిన వెంటనే అదే చేతికి మీ మిషన్‌తోనూ కొలిపించండి. తేడా మనిషిలో ఉందో మిషన్‌లో ఉందో అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: ఓపీజీ (దవడలన్నీ ఒకే ఫిల్ములో వచ్చే) ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి ఇంప్లాంట్‌కు ఎముక ఎత్తు కొలవొచ్చా?
– బీడీఎస్ హౌస్ సర్జన్, రేణిగుంట

జవాబు: నేరుగా కొలవొద్దు. ఓపీజీ అసలు సైజు కంటే పెద్దగా చూపిస్తుంది. ఎంత పెద్దగా అన్నది మిషన్‌ను బట్టి, పేషెంటు తల పెట్టిన తీరును బట్టి, దవడలో చోటును బట్టి మారుతుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు ఆ చోట 5 మిల్లీమీటర్ల స్టీలు గుండు మైనంలో పెట్టి తియ్యి. ఫిల్ము మీద గుండు ఎత్తు 6.25 వచ్చిందనుకో, అక్కడ 1.25 రెట్లు పెరిగినట్టు. ఎముక ఎత్తు 15 కనిపిస్తే అసలుది 12. ఈ లెక్క నిలువు కొలతకే, ఆ గుండు పెట్టిన చోటుకే. అడ్డం కొలతలు ఓపీజీ మీద నమ్మొద్దు. ఎముక వెడల్పు దానిలో అసలే కనిపించదు, దానికి సీబీసీటీ తియ్యాల్సిందే. గుండు పెట్టడం మరిచిపోయి తీసిన ఫిల్ము అయితే, కింది దవడ నరానికి దగ్గరి కేసులో దాన్ని చూసి ఇంప్లాంట్ పొడవు నిర్ణయించకు, మళ్లీ తీయించు.